పాత వాల్వు రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగర: పాట్ మార్చాలా, బాగు చేసుకోవచ్చా?

మీ తాతగారి మర్ఫీ సెట్‌లో వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది, ఒకచోట పాట పూర్తిగా ఆగిపోతోంది, పాట్ (వాల్యూమ్ నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్) మార్చేయమంటారా అని అడిగారు. అప్పుడే మార్చకండి. మా ఇంట్లో సెట్‌దీ ఇదే జబ్బు, పాత పాట్‌తోనే ఇప్పటికీ పాడుతోంది.

ముందు ప్లగ్ పీకేయండి. పీకినా కరెంటు దాచుకునే ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్ అయితే ఆన్‌లో ఉన్నప్పుడు ఛాసిస్‌కే (లోపలి ఇనప చట్రానికే) షాక్ కొట్టొచ్చు. దాన్ని తెలిసినవాళ్లకే వదిలేయండి.

పాట్ వైర్లు ఊడదీసి, మధ్య కాలుకీ ఒక చివరి కాలుకీ ఓమ్స్‌లో మీటర్ పెట్టి మెల్లగా తిప్పండి. డిజిటల్ కంటే ముల్లు మీటరే దీనికి మేలు. ముల్లు అంతటా వణుకుతుంటే మురికి. ఒక్కచోటే ఎగిరిపడితే అక్కడ పాట్ లోపలి కార్బన్ పూత అరిగింది. ఇంట్లో రోజూ ఒకే సౌండ్ మీద వింటాం కదా, అరిగేదీ అక్కడే.

మురికైతే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి పదే పదే తిప్పితే చాలు. అరిగితే పాట్ విప్పాలి. వెనక స్విచ్ మూతని పట్టుకున్న రేకు చెవుల్ని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపండి, మెల్లగా, రెండుమూడుసార్లు వంచితే విరుగుతాయి. లోపల నల్లటి కార్బన్ ట్రాక్ మీద వైపర్ (నాబ్‌తో పాటు తిరిగే రేకు) నడిచిన గీత మెరుస్తూ కనిపిస్తుంది. ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి, వైపర్ కొనని వెంట్రుకవాసి పక్కకి వంచండి, అరగని కార్బన్ మీద నడుస్తుంది. పెన్సిల్ రుద్దమనేవాళ్లుంటారు, ఆ ముచ్చట ఎక్కువ రోజులుండదు.

ట్రాక్ తెగిపోతే మాత్రం కొత్తదే. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. పాతదాని విలువే (సాధారణంగా 500 కే లేదా 1 మెగ్, అంటే 500 కిలో ఓమ్‌లు లేదా 1 మెగా ఓమ్), లాగ్ టైపు (మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా విలువ పెరిగేది) కావాలి. లీనియర్ (అంతటా సమానంగా పెరిగేది) వేస్తే కొంచెం తిప్పగానే అరుస్తుంది. స్విచ్ 250 వోల్టులు తట్టుకునేదై ఉండాలి. మీ పాట్‌కి నాలుగో కాలుంటే అది టోన్ కోసం ఇచ్చిన ట్యాప్. అలాంటిది దొరకడం కష్టం, పాతదాన్నే ఎలాగైనా బతికించండి.

శుభ్రం చేసినా, మార్చినా మళ్లీ గరగర వస్తే తప్పు పాట్‌ది కాకపోవచ్చు. దానికి ముందో వెనకో ఉన్న పాత పేపర్ కెపాసిటర్ లీకై ట్రాక్ మీదికి డీసీ వస్తుంటుంది. అదే విలువకి 400 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ వేయండి.