పాత పోలీసు ఫొటోల నుంచి యూదు గ్యాంగ్‌స్టర్ల బొమ్మలు గీసి ప్రదర్శన పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

మైయర్ లాన్‌స్కీ, బగ్సీ సీగెల్, లెప్కే బుకాల్టర్ లాంటి న్యూయార్క్ ముఠావాళ్ల పోలీసు ఫొటోల్లో వెలుగు ఎదురుగా పడి ముక్కు, దవడ చదునుగా కనిపిస్తాయి. అదొక్కటే చూసి గీస్తే ముఖం అట్టముక్కలా వస్తుంది. పక్కనుంచి తీసిన ఫొటోతో కొలతలు సరిచూసుకోండి.

ఫ్రేమ్ మధ్యభాగం నేలనుంచి 57–60 అంగుళాల ఎత్తున ఉండాలి. లైటును నిలువుకు 30 డిగ్రీల వాలులో పెడితే వార్నిష్ మెరుపు కళ్లలో కొట్టదు.

అసలు కష్టం బొమ్మ కింది వివరంతోనే. సూటూ టోపీ చూసి జనం హీరోలనుకుంటారు. బుకాల్టర్ బొమ్మ కింద, 1936లో బ్రూక్లిన్‌లో హత్యకు గురైన మిఠాయి దుకాణదారు జోసెఫ్ రోజెన్ పేరు తప్పక రాయండి. ఆ కేసులోనే బుకాల్టర్‌కు 1944లో సింగ్ సింగ్ జైల్లో మరణశిక్ష అమలైంది. నేరానికి మతాన్ని కారణంగా చూపొద్దు. వలస కుటుంబాల పేదరికం, 1920–33 మద్యనిషేధం గురించి చెప్పండి.