విశ్వవిద్యాలయం నడిపే టీవీ స్టేషన్ వల్ల ఎవరికి ఉపయోగం?

ప్రశ్న: అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ప్రాంతమంతటికీ ప్రజా టెలివిజన్ స్టేషన్లు, అంటే విరాళాల మీదా ప్రభుత్వ సాయం మీదా నడిచే స్టేషన్లు, నడుపుతాయని విన్నాను. దాని వల్ల విద్యార్థులకు ఉపయోగం ఉంటుందా? మన విశ్వవిద్యాలయాలు ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాయి?

జవాబు: నేను హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చదువుకుని ఈ ఊళ్లోనే స్థిరపడినవాణ్ణి కనుక, ఆ విశ్వవిద్యాలయం నడిపే కేయూహెచ్‌టీ గురించి, అంటే ఇక్కడివాళ్లు ఎనిమిదో ఛానల్ అనే స్టేషన్ గురించి చెబుతాను. 1953 మే 25న ప్రసారాలు మొదలుపెట్టిన ఈ స్టేషన్, అమెరికాలో లాభాపేక్ష లేకుండా విద్య కోసం పుట్టిన మొట్టమొదటి టెలివిజన్ స్టేషన్. అంతకు ముందు ఏడాది, రేడియో, టీవీ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దేశం మొత్తం మీద 242 ఛానళ్లను ఇలాంటి స్టేషన్ల కోసం ప్రత్యేకంగా కేటాయించింది. ఆ కమిషన్‌లో తొలి మహిళా సభ్యురాలైన ఫ్రీడా హెనాక్ పట్టుబట్టి ఉండకపోతే అవి కూడా సబ్బులూ సిగరెట్లూ అమ్ముకునేవాళ్ల చేతుల్లోకే పోయేవని నా గట్టి నమ్మకం.

విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ఎల్గిన్ వీధిలోని ఆ స్టేషన్ భవనానికి వెళ్లాను. విరాళాల సేకరణ జరిగే రోజులవి. మామూలు కార్యక్రమం మధ్యలో ఆపి, వ్యాఖ్యాత కెమెరా ముందుకు వచ్చి డబ్బు అడుగుతాడు. అతని వెనుక రెండు వరుసల బల్లల మీద ఫోన్లు, వాటి ముందు మాలాంటి స్వచ్ఛంద కార్యకర్తలు. స్టూడియోలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాం. హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, కెమెరా మీద ఎర్రదీపం వెలిగినప్పుడు ఎవరి ఫోనూ మోగకపోయినా రిసీవర్ చెవికి ఆనించుకుని ఏదో రాస్తున్నట్టు కనిపించాలని చెప్పి వెళ్లింది. ప్రజా టెలివిజన్ నిజాయితీ గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ ముక్క కూడా చెబితే బాగుంటుంది.

నాకు వచ్చిన ఫోన్లలో ఒకటి పాసడీనా నుంచి. అది హ్యూస్టన్‌కు ఆనుకుని ఉన్న చమురు శుద్ధి కర్మాగారాల ఊరు. ఫోన్ చేసినావిడ గొంతును బట్టి డెబ్బై దాటి ఉంటాయి. పేరు, చిరునామా, కార్డు నంబరు నిదానంగా చెప్పి, పదిహేను డాలర్లు రాసుకోమన్నారు. బహుమతిగా కప్పు కావాలా, చేతిసంచి కావాలా అని అడగమని మాకు చెప్పి ఉన్నారు కాబట్టి అడిగాను. "నా పదిహేను డాలర్లతోనే కప్పు కొని నాకే పంపుతారా?" అని కసిరారు. ఆ తరువాత అసలు సంగతికి వచ్చారు. తాను ఏళ్ల తరబడి చూస్తున్న కార్యక్రమాన్ని గురువారం నుంచి శనివారానికి మార్చారట, ఎవరినీ అడగకుండా. అది తప్పని మేనేజరుకు చెప్పాలి, చెప్పడం కాదు, రాసి ఇవ్వాలి. ఫారంలో దానికి చోటు లేదన్నాను. వెనక వైపు రాయమన్నారు. రాశాక చదివి వినిపించమన్నారు. ఒక వాక్యం మెత్తగా ఉందని మార్పించారు.

మాటల్లో తెలిసినదేమిటంటే, స్టేషన్ పుట్టిన కొత్తల్లో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ ఎవాన్స్ టీవీలో చెప్పిన పాఠాలను ఆవిడ చంటిపిల్లను ఒళ్లో వేసుకుని విన్నారట. ఆ పాఠాలు విని పరీక్ష రాసినవాళ్లకు విశ్వవిద్యాలయం డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్లు ఇచ్చేది. ఆవిడ పరీక్ష రాయలేదు. అయినా ఆ విశ్వవిద్యాలయం తనదేననీ, అందులో నెలజీతం తీసుకునే ప్రతివాడూ తనకు సమాధానం చెప్పుకోవలసినవాడేననీ ఆవిడకు ఎలాంటి సందేహమూ లేదు.

నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. పరికరాలు, లైసెన్సు, నిపుణులు ఎవరైనా సమకూర్చుకోగలరు. పదిహేను డాలర్లు ఇచ్చి పదిహేను నిమిషాలు గదమాయించే ప్రేక్షకులు లేకపోతే, విశ్వవిద్యాలయం చేతిలోని టీవీ పరిపాలనా విభాగానికి ఇంకో కరపత్రంగా మిగులుతుంది.

అధికారులు ఎంత దూరం పోగలరో 1980లో తెలిసింది. ఒక సౌదీ రాకుమారి మరణశిక్ష మీద తీసిన చిత్రాన్ని ఈ స్టేషన్ ప్రసారం చేయవలసి ఉండగా, సౌదీ ప్రభుత్వం అభ్యంతరాలను ఉదహరిస్తూ దాన్ని ఆపేశారు. ఆపింది స్టేషన్ మేనేజరు కాదు, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు. చమురు కంపెనీలకు కేంద్రమైన ఈ ఊరికీ సౌదీ చమురుకీ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కరలేదు. ఒక ప్రేక్షకురాలు కోర్టుకు ఎక్కారు. కింది కోర్టు ప్రసారం చేయమంది, పై కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది, చివరికి 1982లో ఏది వేయాలో ఏది మానాలో నిర్ణయించుకునే అధికారం స్టేషన్‌దేనని అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు గాని, నా ఓటు మాత్రం కోర్టుకు వెళ్లిన ఆవిడకే.

అలాగని ఈ స్టేషన్‌ను తీసిపారేయలేం. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు, బఫెలో బాయూ అనే వాగు ఒడ్డున ఉన్న వాణిజ్య ఛానల్ కేహెచ్ఓయూ భవనంలోకి నీళ్లు చేరి ప్రసారమే ఆగిపోతే, వాళ్లు తట్టాబుట్టా సర్దుకుని వచ్చి మళ్లీ గొంతు విప్పింది ఈ విశ్వవిద్యాలయ స్టేషన్ స్టూడియోల నుంచే. ఊరు మునిగిపోతున్న వేళ ఏ వీధిలో నీళ్లున్నాయో చెప్పే గొంతు ఒకటి నిలబడడం ఎంత అవసరమో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఇక నా కడుపుమంట. హ్యూస్టన్ శివారు షుగర్‌ల్యాండ్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లకు కూతవేటు దూరంలోనే, మిస్సోరీ సిటీ దగ్గర, ఈ స్టేషన్ ప్రసార కేంద్రం ఉంది. చిన్న యాంటెనా పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. మా పిల్లల్లో సగం మంది ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఈ ఛానల్‌లోనే. అయినా సీరియళ్ల కోసం తెలుగు ఛానళ్ల ప్యాకేజీకి నెలనెలా కిమ్మనకుండా కట్టేవాళ్లు, దీనికి నెలకు ఐదు డాలర్లు ఇవ్వండని నేనంటే "అది ప్రభుత్వానిది కదండీ, వాళ్లే చూసుకుంటారు" అంటారు. ప్రభుత్వం చూసుకున్న తీరు ఇది: 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు ముందే మంజూరైన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసేసుకుంది. స్టేషన్ వాళ్లనూ ఒక మాట అనాలి. విరాళాల వారం వచ్చిందంటే, మంచి కార్యక్రమాలను పక్కకు నెట్టి, ముసలి గాయకుల పాత కచేరీలూ ఏం తింటే వయసు తగ్గుతుందో చెప్పే వైద్యులూ తెర మీదికి వస్తారు. ఏ సరుకు చూపించి డబ్బు అడుగుతారో ఆ సరుకు మిగతా ఏడాదంతా కనిపించదు.

మన విశ్వవిద్యాలయాల సంగతి అడిగారు. యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' అనే పాఠాల ప్రసారం మొదలుపెట్టింది. హైదరాబాదులో ఉస్మానియాలోనూ, ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్‌లోనూ దానికి కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలు ఉండేవి. మధ్యాహ్నం పూట ఆ పాఠాలు చూసిన తరం నాది. మా ఇంట్లో అవి వచ్చాయంటే అమ్మ టీవీ కట్టేసి కునుకు తీసేది, ఎందుకంటే అవి ఇంగ్లీషులో ఉండేవి, మా జిల్లా ఊసు వాటిలో ఉండేది కాదు, నచ్చకపోతే ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు. నేలమీది టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసే అధికారం మన దేశంలో దూరదర్శన్‌ది. విశ్వవిద్యాలయాలకు దక్కింది కమ్యూనిటీ రేడియో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 90.4 మీద నడిపే 'బోల్ హైదరాబాద్' అలాంటిదే. తెలంగాణలో పాఠాలు ప్రసారం చేసే టీ-శాట్ ఉంది కదా అంటారేమో, అది రాష్ట్ర ప్రభుత్వం నడిపేది. రేపు అనుమతి వచ్చినా మన ఉపకులపతులు మొదటి వారమంతా స్నాతకోత్సవాలూ శంకుస్థాపనలే ప్రసారం చేస్తారని పందెం కాస్తాను. వారం పోయాక తిట్టడానికి ఫోన్ చేసేవాళ్లుంటే పరిస్థితి మారవచ్చు. ఆ ఫోన్ నంబరు తెర మీద వేస్తారా అన్నదే నా అనుమానం.

విద్యార్థులకు ఉపయోగమా అంటే, కొద్దిమందికి ఇంటర్న్‌షిప్పులు దొరుకుతాయి, పని నేర్చుకుంటారు. మిగతావాళ్లలో చాలామంది నాలుగేళ్లు చదివినా ఆ భవనం వైపు తొంగిచూడరు. నేను వెళ్లింది కూడా ఆ సాయంత్రం పిజ్జా పెడతారని స్నేహితుడు చెప్పడం వల్లే.