కొండకు అవతలి ఊరు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో ఎవరికో జవాబిస్తూ బర్మింగ్‌హామ్ గురించి నాలుగు మంచి మాటలు రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాలు ఈ శీర్షిక మొత్తానికి సరిపోయాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ గురించి కాదు, ఆ పేరే పెట్టుకున్న అలబామా రాష్ట్రపు ఊరి గురించి. చాలా ఏళ్లుగా ఇక్కడ కాపురం ఉంటున్నదాన్ని కనుక, నా జవాబుల్లో కొంత పక్షపాతం ఉంటే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మావారికి బర్మింగ్‌హామ్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం ఖాయమైంది. పన్నెండేళ్లుగా మేము ఎడిసన్‌లో ఉంటున్నాం. గుడి, కూరగాయల అంగడి, అమ్మాయి కూచిపూడి తరగతి అన్నీ దగ్గరే. అలబామా అనగానే చుట్టాలు జాలిగా చూస్తున్నారు. "అట్లాంటా పక్కనే ఉంది, ప్రతి శనివారం వెళ్లొద్దాం" అని మావారు ధైర్యం చెబుతున్నారు. అక్కడ నిజంగా ఉండగలమా?
ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఉండగలరమ్మా, కానీ మీవారు చెప్పిన ఆ ధైర్యం మాత్రం నమ్మకండి. అట్లాంటా సుమారు 150 మైళ్లు. రహదారి బాగున్నప్పుడు రెండున్నర గంటల ప్రయాణం. పైగా అక్కడి గడియారం మనకన్నా ఒక గంట ముందుంటుంది కాబట్టి, ఉదయం తొమ్మిదికి బయలుదేరితే మధ్యాహ్న భోజనాల వేళకుగానీ చేరరు. నేను వచ్చిన మొదటి రెండేళ్లూ ఇదే పని చేశాను. శనివారం అట్లాంటాలో గోంగూర, నేతిబీరకాయలు కొని, ఆదివారం అలసట తీర్చుకుని, సోమవారం "ఈ ఊళ్లో ఏముంది?" అని నిట్టూర్చేదాన్ని. ఊళ్లో ఏముందో చూసే తీరిక అట్లాంటా దారిలోనే ఖర్చయిపోయిందని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇక్కడ ఇల్లు తీసుకుని అట్లాంటాలో బతకడం మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు. ఊరు బాగాలేదన్న మాట కూడా ఎక్కువగా వాళ్ల నోటినుంచే వినిపిస్తుంది.

మీరు వదులుకోబోయేవి ఏమిటో ముందే చెప్పడం న్యాయం. ఎడిసన్‌లోలా వీధి వీధికీ మన అంగళ్లు ఉండవు. గుడి, సాంస్కృతిక కేంద్రం దక్షిణాన పెల్హామ్‌లో ఉన్నాయి. తెలుగువాళ్లు, తమిళులు, గుజరాతీలు అందరూ అక్కడికే వస్తారు కనుక ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని పక్క రాష్ట్రంవాళ్లతో ముచ్చటించే అలవాటు మీకూ పడుతుంది. కారు లేకుండా అడుగు బయట పెట్టలేరు. నేరుగా విదేశాలకు వెళ్లే విమానాలు లేవు కాబట్టి, హైదరాబాదు ప్రయాణమంటే మరో ఊళ్లో మారక తప్పదు.

దక్కేవి కూడా చెప్పాలి. ఇంటి ధరలు న్యూజెర్సీతో పోల్చదగినవే కావు. ఆస్తి పన్ను అమెరికా మొత్తంలోనే అతి తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. అయితే సంబరపడే ముందు రెండు సంగతులు గుర్తుంచుకోండి. బర్మింగ్‌హామ్ నగర పరిధిలో పనిచేసేవారి జీతంపై నగరం 1 శాతం వృత్తి పన్ను తీసుకుంటుంది. తిండి సరుకులపై కూడా ఇక్కడ అమ్మకపు పన్ను ఉంది. రాష్ట్రం తన వాటాను 2023లో 4 నుంచి 3 శాతానికి, 2025లో 2 శాతానికి తగ్గించినా, స్థానిక పన్నులు దానికి కలుస్తాయి. ఇవన్నీ పోను మీకు మిగిలేది డబ్బుకన్నా సమయమే. అమ్మాయిని కూచిపూడి తరగతిలో దింపి, ఈలోగా కొండమీద ఒక నడక నడిచి వచ్చేంత దగ్గర ఈ ఊళ్లో అన్నీ.

ప్రశ్న: నేను వరంగల్ నుంచి వచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాను. సీనియర్లు, తెలిసిన కుటుంబాలవాళ్లు "డౌన్‌టౌన్ వైపు వెళ్లకు, కొండ ఇవతలే ఉండు" అంటారు. ఊరు అంత ప్రమాదమైనదా? కొండ ఇవతల, అవతల అనడంలో అర్థమేమిటి?
ఒక విద్యార్థి, బర్మింగ్‌హామ్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఏళ్ల తరబడి ఇక్కడ ఉన్నవాళ్లు కూడా దీన్ని అడగరు. హత్యల రేటులో ఈ నగరం అమెరికాలో ముందు వరుసలో ఉంటోంది. దాన్ని దాచి ఊరిని పొగిడితే నేను మీకు ద్రోహం చేసినట్టే. అయితే ఆ హింసలో అత్యధిక భాగం కొన్ని పేటలకు, పరస్పరం తెలిసినవారి మధ్య తగవులకు పరిమితం. పగటిపూట మీ క్యాంపస్ చుట్టూ, పార్కుల్లో, మ్యూజియాల్లో తిరగడానికి ఏ పెద్ద ఊళ్లోనైనా పాటించే జాగ్రత్త చాలు. కారులో బ్యాగు కనిపించేలా వదలకండి, అర్ధరాత్రి ఒంటరిగా నడవకండి.

ఇక కొండ మాట. ఊరికి దక్షిణంగా అడ్డంగా పడుకున్న ఆ ఎర్రకొండ, అంటే రెడ్ మౌంటెన్, ఈ నగరానికి తల్లి. దాని కడుపులో ఇనుప ఖనిజం ఉంది. చుట్టుపక్కలే బొగ్గు, సున్నపురాయి దొరుకుతాయి. ఇనుము చేయడానికి కావలసిన మూడూ ఇంత దగ్గరగా ఉన్నాయని తెలిసి, రెండు రైలు మార్గాలు కలిసే చోట 1871లో ఈ ఊరిని కట్టారు. కాజీపేటను చూసినవారికి రైలు జంక్షన్ ఊరిని ఎలా పెంచుతుందో చెప్పక్కరలేదు. మంత్రం వేసినట్టు పెరిగిందని దీన్ని మాయానగరం అన్నారు, ఆ పేరు ఇప్పటికీ ఉంది. 1970లో తెరిచిన రహదారి కోసం కొండను నిలువునా కోశారు. నేటికీ ఆ కోతలో ఎర్రని ఖనిజపు పొర కనిపిస్తుంది. కారులో దాన్ని దాటేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి.

కొలిముల పొగ, వేడి ఉత్తరపు లోయలో ఉండిపోయాయి. డబ్బున్నవాళ్లు కొండ దాటి దక్షిణాన ఇళ్లు కట్టుకున్నారు. ఆ తరువాత జరిగినదానికి పొగ ఒక్కటే కారణం కాదు. కోర్టులు బడుల్లో నల్లవారిని, తెల్లవారిని వేరుచేయడం ఆపమన్న రోజుల్లో, కొండ దక్షిణపు శివార్లు ఒక్కొక్కటీ తమ బడులను జిల్లా వ్యవస్థనుంచి విడదీసుకున్నాయి. వెస్టేవియా హిల్స్ 1970లో తన బడుల వ్యవస్థను వేరుగా పెట్టుకుంది. 1960లో 3,40,887 ఉన్న నగర జనాభా 2020 నాటికి 2,00,733కు తగ్గింది. శివార్లతో కలిపి చూస్తే మాత్రం పదకొండు లక్షలు దాటుతుంది. మన కుటుంబాలు బడులు బాగున్నాయని హూవర్‌కో వెస్టేవియాకో వెళతాయి. నేనూ అలాగే వెళ్లాను, అందులో తప్పు లేదు. కానీ ఆ బడులు అక్కడికి ఎలా చేరాయో తెలుసుకోకుండా "అటు వెళ్లకు" అని కుర్రవాళ్లకు చెప్పడం మాత్రం నాకు నచ్చదు. అది మనది కాని భయం, మనకు వారసత్వంగా అంటుకుంది.

అందుకే మీకు నా సలహా: ఒక శనివారం క్యాంపస్‌నుంచి ఉత్తరంగా కెల్లీ ఇంగ్రామ్ పార్కుకు వెళ్లండి. 1963 మేలో హక్కుల కోసం ఊరేగిన బడిపిల్లలమీదికి పోలీసులు కుక్కలను వదిలి, ఫైరింజను గొట్టాల నీటి ధారలతో కొట్టించింది అక్కడే. దానికి మూలగా ఉన్న 16వ వీధి బాప్టిస్టు చర్చిలో ఆ ఏడాది సెప్టెంబరు 15న జాత్యహంకారులు బాంబు పెట్టారు. ఆదివారపు ప్రార్థనకు తయారవుతున్న నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. దాని ఎదురుగా 1992లో తెరిచిన పౌరహక్కుల సంస్థ మ్యూజియం ఉంది, దానికి కనీసం మూడు గంటలు కేటాయించండి. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశానికి వచ్చి గాంధీ నడిచిన నేలను చూసి వెళ్లారు. నాలుగేళ్ల తరువాత ఇదే ఊరి జైలులో, నల్లవారి హక్కుల పోరాటాన్ని సమర్థిస్తూ, వార్తాపత్రిక అంచుల ఖాళీల్లో తన ప్రసిద్ధ లేఖను మొదలుపెట్టారు. సబర్మతినుంచి ఇక్కడికి వచ్చిన ఆ దారిని చూడటానికి తెలుగు కుర్రవాడు జంకనవసరం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండటానికి నేను, మా ఆవిడ వస్తున్నాం. నేను రైల్వేలో పనిచేసి విరమించాను. కొడుకు, కోడలు పగలంతా ఉద్యోగాలకు పోతారు. నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చోవాలా?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీరు రైల్వే మనిషి కావడం మీ అదృష్టం. ఊరి నడిబొడ్డున, గూడ్సు బళ్లు వెళ్లే పట్టాలను ఆనుకుని 19 ఎకరాల్లో రైల్‌రోడ్ పార్కు అనే చక్కని తోట ఉంది. 2010లో తెరిచారు. గట్టుమీది బెంచీపై కూర్చుంటే కళ్లకు సమంగా బళ్లు పోతుంటాయి. పెట్టెలు లెక్కపెట్టే పిల్లలు, వాళ్లతోపాటు లెక్కపెట్టే తాతలు అక్కడ ఎప్పుడూ ఉంటారు. మా నాన్నగారు వచ్చినప్పుడు నూట పదిదాకా లెక్కపెట్టి, ఆ తరువాత ఎన్నో మరిచిపోయి, మర్నాడు మళ్లీ తీసుకెళ్లమన్నారు. వారానికి రెండు సాయంత్రాలు మిమ్మల్ని అక్కడ దింపమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. వచ్చాక చెబితే మొహమాటపడతారు.

అక్కడికి దగ్గర్లోనే స్లాస్ ఫర్నేసులు ఉన్నాయి. 1882లో కొలిమి రాజేసి 1971 వరకు ఇనుము కరిగించిన కార్ఖానాను కూల్చకుండా, తుప్పు పట్టిన గొట్టాలతో సహా మ్యూజియంగా నిలబెట్టారు. ఎర్రకొండమీద వల్కన్ విగ్రహం చూడండి. మన విశ్వకర్మలాంటి రోమను కొలిమి దేవుడు. 56 అడుగుల ఎత్తు, ప్రపంచంలో పోత ఇనుముతో చేసిన విగ్రహాల్లో ఇదే పెద్దది. జుసెప్పె మొరెట్టి అనే శిల్పి 1904 సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శన కోసం చేశాడు. ప్రదర్శన అయ్యాక వల్కన్ కొన్నాళ్లు ముక్కలుగా పట్టాల పక్కన పడి ఉన్నాడు. తరువాత సంత మైదానంలో నిలబెట్టి, చేతిలో ఐస్‌క్రీమ్ కోను పెట్టి వ్యాపార ప్రకటనలకు వాడుకున్నారు. దేవుడికైనా కాలం కలిసిరాకపోతే అంతే. కొండ ఎక్కాక కూడా ఆయనకు తోలు ఏప్రన్ తప్ప వెనకవైపు ఏమీ లేదు. ఆ వెనకభాగం హోమ్‌వుడ్ శివారువైపు తిరిగి ఉండటం ఈ ఊరివాళ్లకు తరగని హాస్యం. మీ ఆవిడకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

బొటానికల్ గార్డెన్స్‌కు, కళా మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. ఎండలు మన కోస్తా ఎండల్లాగే ఉక్కపోతగా ఉంటాయి కనుక జూన్‌నుంచి ఆగస్టుదాకా నడక పొద్దున్నే ముగించండి. క్రికెట్ ఇష్టమైతే బేస్‌బాల్ ఒకసారి చూసి తీరాలి. 1910లో కట్టిన రిక్‌వుడ్ ఫీల్డ్ అమెరికాలో నిలిచి ఉన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ మైదానాల్లోకెల్లా పాతది. నల్లవారికి వేరే లీగ్ ఉన్న రోజుల్లో బేస్‌బాల్ దిగ్గజం విల్లీ మేస్ కుర్రవాడిగా ఆడింది అక్కడే. 2024 జూన్ 20న ఆయన గౌరవార్థం అక్కడ దేశపు అగ్రశ్రేణి మేజర్ లీగ్ మ్యాచ్ పెట్టారు. దానికి రెండు రోజుల ముందు ఆయన కన్నుమూశారు.

ప్రశ్న: శాకాహారులం. అమెరికా దక్షిణాది తిండిలో మాకు పనికొచ్చేవి ఉన్నాయా?
ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: పేర్లు వింటే పుట్టింటికి వచ్చినట్టుంటుంది: బెండకాయ వేపుడు, బొబ్బర్లు, ఆకుకూర, ఉడకబెట్టిన వేరుసెనగకాయలు, మొక్కజొన్న రవ్వతో జావలా చేసే గ్రిట్స్. కానీ జాగ్రత్త. ఆకుకూరలోనూ, గింజల్లోనూ రుచికోసం పందిమాంసం ముక్క వేసి ఉడికించడం ఇక్కడ సంప్రదాయం. ఒక మాంసం, మూడు కూరలు పెట్టే మామూలు భోజనశాలల్లో అడగకుండా ఏదీ వడ్డించుకోకండి. ఆ కూరల పట్టికలో జున్ను వేసిన మాకరోనీ కూడా ఉంటుంది. అది కూర ఎలా అయిందని నేను అడగడం మానేశాను. శనివారం పొద్దున పెప్పర్ ప్లేస్ సంతలో బెండకాయలు, లేత చిక్కుళ్లు, జూన్, జూలైల్లో చిల్టన్ జిల్లా పీచ్ పళ్లు దొరుకుతాయి. బెండకాయలు మునివేళ్లతో విరిచి చూడాలని మీకు వేరే చెప్పక్కరలేదు.

ప్రశ్న: సుడిగాలుల భయంతో మా అమ్మగారు ఆ ఉద్యోగం వద్దంటున్నారు.
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆమె భయం అర్థం లేనిది కాదు. 2011 ఏప్రిల్ 27న టస్కలూసానుంచి బర్మింగ్‌హామ్ వరకు పోయిన ఒక్క సుడిగాలిలోనే అరవై మందికి పైగా చనిపోయారు. మార్చినుంచి మే వరకు ప్రధాన కాలం, నవంబరులో మరో విడత. ఇల్లు చూసేటప్పుడు వంటగది ఎంత ఉందని చూసినట్టే, కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గది ఉందా అని చూడండి. మొబైలు హోముల్లో, అంటే తరలించగల తేలికపాటి ఇళ్లలో, ఉండకండి. రాత్రి నిద్రలో సైరను వినపడకపోవచ్చు కాబట్టి హెచ్చరిక రాగానే మోగే వాతావరణ రేడియో ఒకటి కొనండి. టీవీలో జేమ్స్ స్పాన్ అనే వాతావరణ వ్యాఖ్యాత కనిపిస్తారు. ఆయన కోటు విప్పి, భుజాల మీది ప్యాంటు పట్టీలు కనిపించేలా నిలబడ్డారంటే సంగతి పెద్దదని ఊరంతటికీ తెలుసు. అప్పుడు అమ్మగారికి ఫోను చేయడం తరువాత చూసుకోవచ్చు, ముందు దుప్పటి, చెప్పులు, పిల్లల సైకిలు హెల్మెట్లు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లండి.