ఏ380 విమానాల తయారీ ఎందుకు ఆపేశారు? చివరిది ఎవరికి ఇచ్చారు?

రెండంతస్తుల ఈ పెద్ద విమానాల్లో చివరిదాన్ని, తయారీ సంస్థ ఎయిర్‌బస్ 2021 డిసెంబర్‌లో దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్‌కి అప్పగించింది. మొత్తం 251 విమానాలు విమాన సంస్థలకు అందాయి, వాటిలో దాదాపు సగం ఎమిరేట్స్ ఒక్కటే కొన్నది. అదే సంస్థ ఆర్డర్ తగ్గించుకోవడంతో, ఆపేస్తామని 2019 ఫిబ్రవరిలోనే ప్రకటించారు.

అసలు చిక్కు ఖర్చు దగ్గర. విజయనగరం కాంప్లెక్స్ నుంచి సాలూరుకి బస్సు సగం ఖాళీగా వెళ్లినా డీజిల్ పెద్దగా మిగలదు కదా, ఇదీ అంతే. నాలుగు ఇంజన్లు, ఐదొందల సీట్లు. అవి నిండితేనే గిట్టుబాటు. ఈలోగా రెండు ఇంజన్ల విమానాలు, బోయింగ్ వాళ్ల 787, ఎయిర్‌బస్‌దే ఏ350 వచ్చి తక్కువ ఇంధనంతో అంత దూరమూ వెళ్లసాగాయి.

బెంగళూరులో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. కింద ఒక వరస కిటికీలు, పైన ఇంకో వరస, ముందు నుంచి తోక దాకా. అలాంటిది ఇక కొత్తగా రాదంటే నాకు నిజంగా బాధే. ఉన్నవాటిలో చాలా ఇంకా ఎగురుతున్నాయి, కుదిరితే ఒక్కసారైనా ఎక్కండి.