కణితి నడిమధ్యకు మందు మోసే బ్యాక్టీరియా

ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసి రిటైరైన డాక్టరు ఈ నెల పాఠకులకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా అన్నయ్యకు పెద్దపేగు క్యాన్సర్. కాలేయానికి పాకింది. కీమో నడుస్తోంది. బ్యాక్టీరియాను మార్చి కణితిలోకి పంపితే అది అక్కడే మందు తయారుచేస్తుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? అన్నయ్యకు ఇప్పించగలమా? ప్రోబయోటిక్ పొడుల్లో ఉండేది కూడా అలాంటి బ్యాక్టీరియానే అంటున్నారు. ఈలోపు ఆ పొడి ఇవ్వవచ్చా? – ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, ముందు పొడి సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఇవాళ తేల్చుకోవలసిన విషయం. మీ ఆంకాలజిస్టును అడగకుండా ఇవ్వకండి. కీమో సమయంలో తెల్లరక్తకణాలు పడిపోతాయి, పేగు లోపలి పొర కూడా దెబ్బతింటుంది. అప్పుడు మామూలు రోజుల్లో ఏమీ చేయని బ్యాక్టీరియా కూడా పేగు గోడ దాటి రక్తంలో చేరే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఆ పొడిలో ఉన్నదానికి క్యాన్సర్ మందు తయారుచేసే జన్యువేదీ ఉండదు. దాని వల్ల కణితికి జరిగేదేమీ లేదు.

ఇక మీరు విన్నది అబద్ధం కాదు. ఎలుకల్లో చాలాసార్లు రుజువైంది. మనుషుల్లో మాత్రం ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

కణితి పెరిగే వేగానికి దాని రక్తనాళాలు అందుకోలేవు. ఉన్నవి కూడా వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. నడిమధ్య భాగానికి ఆక్సిజన్ చాలదు, కొన్ని కణాలు చచ్చి కుళ్లుతాయి. లోపల ద్రవం ఒత్తిడి కూడా ఎక్కువే. నీళ్లు పీల్చి ఉబ్బిన స్పాంజిలోకి ఇంకో చుక్క దిగనట్టే, సెలైన్‌లో ఎక్కించిన మందు ఆ లోపలికి సరిగా చేరదు. రేడియేషన్ దెబ్బ గట్టిగా తగలాలన్నా ఆక్సిజన్ కావాలి, అది అక్కడ లేదు. చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టడానికి ఆ మూల మిగిలిపోవడం ఒక కారణం.

బ్యాక్టీరియాకు సరిగ్గా అదే మూల అనుకూలం. పేగుల్లో ఉండే ఈ.కోలై, టైఫాయిడ్ క్రిమి జాతికి చెందిన సాల్మొనెల్లా వంటివి ఆక్సిజన్ లేకపోయినా బతుకుతాయి. చచ్చిన కణాలే వాటికి ఆహారం. రక్తంలోనూ కాలేయంలోనూ వాటిని తరిమే రోగనిరోధక కణాలు కణితి లోపల సరిగా పనిచేయవు, ఎందుకంటే కణితి వాటిని అణిచేసి ఉంచుతుంది. అందుకే ఎలుకకు ఎక్కించిన సాల్మొనెల్లా కొన్ని రోజులకు కాలేయంలో కన్నా కణితిలో 1,000 రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దారి చెప్పి పంపనక్కరలేదు, బతకగలిగిన చోట మిగులుతుంది.

ఎలాగూ అక్కడికి చేరే జీవితో మందు కూడా తయారుచేయించాలన్నదే ఈ ఆలోచన. 2016లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, సహచరులు సాల్మొనెల్లాలో ఒక జన్యు ఏర్పాటు చేశారు. బ్యాక్టీరియా తమలో తాము రసాయన సంకేతాలు వదులుకుంటాయి. గుంపు చిక్కబడి సంకేతం ఒక స్థాయి దాటగానే చాలా కణాలు ఒకేసారి పగిలిపోయి లోపలి మందును కుమ్మరిస్తాయి. మిగిలిన కొన్ని మళ్లీ పెరుగుతాయి, మళ్లీ పగులుతాయి. కాలేయానికి పాకిన పేగు క్యాన్సర్ ఉన్న ఎలుకలకు, అంటే మీ అన్నయ్యకున్నలాంటి జబ్బుకే, వాటిని నోటి ద్వారా ఇచ్చారు. పాత కీమో మందు 5-ఎఫ్‌యూతో కలిపినప్పుడు, ఏ ఒక్కటీ విడిగా ఇచ్చినప్పటికన్నా సుమారు 50 శాతం ఎక్కువకాలం బతికాయి. బతికే కాలం పెరిగిందన్నాను, నయమైపోయిందని కాదు.

2019లో కొలంబియా విశ్వవిద్యాలయం ప్రయోగం నాకింకా ముఖ్యంగా తోస్తుంది. క్యాన్సర్ కణాలు తమ పైపొర మీద సీడీ47 అనే ప్రొటీన్ పెట్టుకుని ‘నన్ను మింగకు’ అని రక్షక కణాలకు చెబుతాయి. దాన్ని అడ్డుకునే చిన్న యాంటీబాడీ ముక్కను హాని చేయని ఈ.కోలైతో ఎలుకల కణితిలోనే విడుదల చేయించారు. సూది వేసిన కణితి కరిగింది, వేయని కణితి కూడా తగ్గింది. టీ-కణాలు, అంటే రోగనిరోధక సైన్యంలోని ఒక రకం కణాలు, శత్రువును గుర్తుపట్టి ఒళ్లంతా వెతికాయన్నమాట. జబ్బు పాకిన మనిషికి కావలసింది అదే కదమ్మా.

ఇప్పుడు మనుషుల మాట. రక్తంలో సాల్మొనెల్లా పెరిగిందంటే చేతిలో పని ఆపి వార్డుకు ఫోను చేయడం నా ఉద్యోగం. అలాంటిది 2002లో అచ్చయిన ఒక నివేదికలో, కావాలనే సాల్మొనెల్లాను క్యాన్సర్ రోగుల నరంలోకి ఎక్కించారని చదివినప్పుడు మొదట గుండె ఝల్లుమంది. ముందే దాన్ని బలహీనపరిచారు. సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ ప్రమాదకరంగా పడిపోవడం) తెచ్చే విషపు పొరను మార్చారు, బయటి నుంచి ప్యూరిన్ (డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకు) అందితే తప్ప పెరగకుండా ఒక జన్యువు తీసేశారు. 25 మంది తీసుకున్నారు. 24 మందికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్, ఒకరికి కిడ్నీ క్యాన్సర్. చాలామంది తట్టుకున్నారు. కానీ కణితిలో బ్యాక్టీరియా కనిపించింది ముగ్గురిలోనే, కణితి తగ్గింది ఎవరికీ లేదు.

ఎలుక విషపు పొరను మనిషికన్నా ఎంతో బాగా తట్టుకుంటుంది. దానికి ఎక్కించినంత మోతాదు మనిషికి ఎక్కించలేం. బలహీనపరిచి ఎక్కిస్తే మన రక్తం దాన్ని గంటల్లో ఊడ్చేస్తుంది. ఈ రంగం అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు, అందుకే మీకు ఇంత వివరంగా రాశాను. ఆ 25 మంది ఒప్పుకోబట్టే ఇది తెలిసింది. వాళ్లమీద నాకు అపారమైన గౌరవం.

నరంలోకి కాకుండా సూదితో నేరుగా కణితిలోకి ఇవ్వడం ఇంకో దారి. క్లోస్ట్రిడియం నోవియీ అనే బ్యాక్టీరియా ఆక్సిజన్ తగిలితే పెరగదు. దాని ప్రధాన విషపు జన్యువు తీసేసి, దాని బీజాలను (నిద్రాణంగా ఉండే రూపాలను) 16 పెంపుడు కుక్కల కణితుల్లోకి ఇచ్చారు. మూడింటిలో కణితి పూర్తిగా పోయింది, మరో మూడింటిలో తగ్గింది. ఒక మహిళకు భుజంలోని కణితిలోకి ఇస్తే అక్కడ తగ్గింది. ఇవి 2014లో వెలువడ్డ ఫలితాలు. సూది అందని చోట ఈ దారి కుదరదు.

మీ అన్నయ్యకు ఇప్పించాలంటే క్లినికల్ ట్రయల్ (మనుషుల్లో జరిపే చికిత్స పరీక్ష) ఒక్కటే మార్గం, అదీ ఆయన జబ్బుకు సరిపోయేది ఉంటేనే. డాక్టరుగారిని సూటిగా అడగండి. దానికోసం నడుస్తున్న కీమోను ఒక్క వాయిదా కూడా ఆపవద్దు. ‘బ్యాక్టీరియా చికిత్స’ పేరుతో డబ్బు కట్టించుకుని ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ప్రశ్న: కణితిలో పని అయ్యాక ఆ బ్యాక్టీరియా ఒళ్లంతా పాకదా? – బీఎస్సీ విద్యార్థి

జవాబు: బాబూ, సరైన అనుమానమే. అందుకే ఒక తాళం చాలదని రెండు మూడు వేస్తారు. శరీరంలో దొరకని పోషకం లేనిదే బతకకుండా చేయడం ఒకటి, తెలిసిన యాంటీబయాటిక్‌కు చచ్చే రకాన్నే ఎంచుకోవడం ఇంకొకటి. ఎలుకల్లో ఫోకస్ చేసిన అల్ట్రాసౌండ్‌తో కణితిని కొన్ని డిగ్రీలు వేడిచేసి, అప్పుడే మందు జన్యువు తెరుచుకునేలా కూడా చేశారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పాకడం కాదు, మారిపోవడం. మనం అతికించిన జన్యువు బ్యాక్టీరియాకు బరువు. దాన్ని పారేసుకున్న కణం తేలిగ్గా, వేగంగా పెరిగి మిగతావాటిని మించిపోతుంది. ల్యాబులో బ్యాక్టీరియాను పెంచుతూ ప్లేటు మీంచి ప్లేటు మీదికి కల్చర్ మార్చే ఎవరికైనా ఇది తెలుసు. కణితిలోనూ అదే జరిగితే మందు లేని బ్యాక్టీరియా మిగులుతుంది. నువ్వు ఈ రంగంలోకి రావాలనుకుంటే ఆ ప్రశ్న పట్టుకో.

ప్రశ్న: నాకు మూత్రాశయ క్యాన్సర్. లోపలికి బీసీజీ ఎక్కిస్తున్నారు. అదీ బ్యాక్టీరియానే అట. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, భయమా? – ఒక తాతగారు

జవాబు: అవునండీ, క్షయ టీకాలోని బతికున్న, బలహీనపరిచిన బ్యాక్టీరియానే. జన్యువులు మార్చింది కాదు. 1976లో కెనడాలో మొదట ఫలితం చూపారు, 1990లో అమెరికా అనుమతించింది. ఈరోజు క్యాన్సర్‌కు మామూలుగా వాడుతున్న బతికున్న బ్యాక్టీరియా ఇదే.

పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ముద్దు చేయవచ్చు. జాగ్రత్త మూత్రం దగ్గరే. ఎక్కించాక 6 గంటలపాటు కూర్చునే మూత్రం పోయండి, చిందదు. ప్రతిసారీ కమోడ్‌లో బ్లీచ్ పోసి 15 నిమిషాలు ఉంచి ఫ్లష్ చేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మంట, కాస్త జ్వరం ఒకటి రెండు రోజులు ఉంటాయి. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, రెండు రోజులకు తగ్గకపోయినా వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. మూత్రంలో రక్తం కనిపించినా, ఇన్ఫెక్షన్ ఉన్నా తర్వాతి డోసుకు ముందే చెప్పండి, వాయిదా వేస్తారు.