వీధిలో ఉన్న పిల్లలకు ఇల్లు, బడి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంటి దగ్గర ఫ్లైఓవర్ కింద పదేళ్ల బాబు, వాడి ఐదారేళ్ల చెల్లెలు కొద్ది రోజులుగా పెద్దదిక్కు లేకుండా ఉంటున్నారు. రోజూ అన్నం పెడుతున్నాం. బడిలో చేర్పిద్దామని వెళ్తే జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ లేనిదే కుదరదన్నారు. ఆశ్రమానికి అప్పగించడానికి మనసొప్పడం లేదు. వాళ్లను మేమే పెంచుకోవచ్చా?

జవాబు: రోజూ అన్నం పెడుతున్న పిల్లలు మీ ఇంట్లోనే పెరగాలని మీకు అనిపించడం సహజమే. అయినా ఇప్పటికిప్పుడు వాళ్లను తీసుకెళ్లి ఉంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వాళ్ల కోసం తల్లి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు, లేదా ఇంట్లో దెబ్బలకు తాళలేకే వాళ్లు పారిపోయి వచ్చి ఉండవచ్చు. ఏది నిజమో తేలకుండా తీసుకునే నిర్ణయం వాళ్లకే చేటు తెస్తుంది. పైగా పిల్లల సంరక్షణ కోసం చేసిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, సంరక్షకులకు దూరమైన పిల్లలు కనిపిస్తే 24 గంటల్లోగా సమాచారం ఇవ్వడం తప్పనిసరి. చట్టం చెప్పిన పద్ధతిని పక్కనపెట్టి దత్తత తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు.

కాబట్టి ఈ రోజే 1098కి ఫోన్ చేయండి. అది ఆపదలో ఉన్న పిల్లలకు సాయం కోసం రాత్రింబవళ్లు పనిచేసే ఉచిత నంబరు. పిల్లలు ఏ వేళల్లో ఎక్కడ ఉంటారో గుర్తులతో సహా చెప్పండి. ఆ తరువాత ప్రయాణానికి పట్టే సమయం కాక 24 గంటల్లోగా సిబ్బంది వాళ్లను బాలల సంక్షేమ కమిటీ ముందు, అంటే ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే కమిటీ ముందు హాజరుపరచాలి. అక్కడికి మీరు కూడా వెళ్లండి. కొత్త మనుషుల మధ్య ఆ పిల్లలకు తెలిసిన ముఖం మీది ఒక్కటే. బాబు పూటకో పేరు, పూటకో ఊరు చెప్పినా కోప్పడకండి, ఎందుకంటే వెనక్కి పంపేస్తారన్న భయంతో చాలామంది పిల్లలు అలాగే చెబుతారు.

అన్నం పెట్టినప్పుడు ఒక విషయం గమనించండి. చెల్లెలు తిన్నాకే వాడు తింటున్నట్లయితే, ఆ పాపకు ఇన్నాళ్లూ అమ్మా నాన్నా వాడే. మగపిల్లల వసతి, ఆడపిల్లల వసతి వేర్వేరుగా ఉండడం వల్ల అన్నాచెల్లెళ్లు విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఇద్దరినీ ఒకేచోట ఉంచమని కమిటీకి రాతపూర్వకంగా విన్నవించండి. మీరు ఎక్కువ పట్టుబట్టవలసింది ఇక్కడే అని నా అభిప్రాయం. పిల్లలను ఫోస్టర్ కేర్‌కు, అంటే తాత్కాలికంగా ఒక కుటుంబంలో పెంపకానికి ఇచ్చేటప్పుడు తోబుట్టువులను కలిపే ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని చట్టంలోనే ఉంది.

ఆశ్రమం గురించిన మీ బెంగలో న్యాయం లేకపోలేదు. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమేనని ఆ చట్టమే చెబుతోంది. కమిటీ విచారణ జరిపి, సొంత ఇల్లు క్షేమమైతే అక్కడికి పంపుతుంది, లేకపోతే వేరే ఏర్పాటు చేస్తుంది, నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఈలోగా మీ దంపతులు ఫోస్టర్ కేర్‌కు జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దత్తత మాట వేరు. పిల్లలను దత్తతకు అర్హులుగా కమిటీ ప్రకటించాకే ఆ ప్రస్తావన వస్తుంది.

ఇక బడి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదు. ఆ మాట ప్రధానోపాధ్యాయునికి మర్యాదగానే గుర్తు చేయండి, వినకపోతే మండల విద్యాధికారికి ఫిర్యాదు రాయండి. అక్షరాలు రావన్న కారణంతో పదేళ్ల వాణ్ణి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టడం కూడా సరికాదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో నేర్పించాలి. పాపకు ఆరేళ్లు నిండకపోతే అంగన్‌వాడీలో చేర్పించవచ్చు. వీధిలో తన ఇష్టం వచ్చినట్టు తిరిగిన పిల్లవాడు మొదటి వారాల్లో బడి మానేసి పారిపోవడం తరచుగా జరుగుతుంది, అలా జరిగిందని వాడిపై ఆశ వదులుకోకండి. కమిటీ అనుమతితో వారం వారం వెళ్లి పలకరించి వస్తూ ఉండండి.

ప్రశ్న: ఇలాంటి పిల్లల ఫొటోలను వాట్సాప్‌లో పెడితే తల్లిదండ్రులు దొరుకుతారు కదా?

జవాబు: పెట్టకండి. పిల్లలను హింసించినవారికి, అమ్మేవారికి కూడా ఆ ఫొటోలే దారి చూపిస్తాయి. విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, చిరునామా బయటపెట్టడం శిక్షార్హమైన నేరం. ఫొటో ఉంటే 1098 సిబ్బందికో, పోలీసులకో మాత్రమే ఇవ్వండి.