ధాత కరువు పద్దులు తిరగేసే ముందు

అమ్మలూ,

ఆశీస్సులు. ధాత కరువుకి, అంటే 1876–78 నాటి పెద్ద కరువుకి, మద్రాసు సర్కారు పెట్టిన ఖర్చును కలకత్తా దొరలు (అప్పటి భారత ప్రభుత్వం అక్కడే ఉండేది) ఎలా తనిఖీ చేశారో రాయడానికి చెన్నైలోని ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు ట్రెజరీలో బిల్లులు పాస్ చేసినవాణ్ని కదా, నాకు తోచింది రాస్తున్నాను.

ముందు జేబు ఎవరిదో చూడు. 1870లో వైస్రాయి మేయో చేసిన ఏర్పాటుతో జైళ్లు, పోలీసు, చదువులు, వైద్యం, రోడ్లకు మద్రాసు లాంటి ప్రెసిడెన్సీలకు (అప్పటి రాష్ట్రాలకు) ఏటా ఇంత అని కట్టి ఇచ్చేశారు. 1876లో వానలు ఎగ్గొట్టేసరికి అది ఏ మూలకీ రాలేదు. ఖర్చు పెట్టేది మద్రాసు, భరించేది కలకత్తా. గొడవంతా అక్కడే. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారిని కలకత్తా మద్రాసుకు పంపిందీ అందుకే. అదే నెల ఒకటో తారీఖున విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిగింది, దాని పద్దు దొరికితే అదీ ఓసారి చూడు.

ఏ అధికారి నోట్ చదివినా అంతకుముందు ఆయన ఎక్కడ పనిచేశాడో కనుక్కో. టెంపుల్ 1874లో బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. మెచ్చుకోకపోగా దుబారా చేశాడని తిట్టారు. ఆడిట్ అభ్యంతరం ఒకసారి మెడకు చుట్టుకున్న మనిషి మళ్లీ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఎలా బిగుసుకుంటుందో నేను మా ఆఫీసులోనే చూశాను. మద్రాసుకొచ్చి కరువు పనుల్లో కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు దించేశాడు.

ఆ పౌనుని అంకెగా చదివి పేజీ తిప్పేయకు. అమ్మ వంటింటి త్రాసులో 450 గ్రాముల జొన్నలు తూచి పళ్లెంలో పోసి చూడు. రోజంతా కంకర కొట్టే మగమనిషికి అదే ఆధారం, పైన ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి కాసిని డబ్బులు. మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్యం చూసే వైద్యాధికారి) కార్నిష్ ఇది చాలదని పట్టుబట్టి రాశాడు. కొన్ని నెలలకే కూలీ పెంచక తప్పలేదు. ఆర్థిక శాఖ ఫైలు ఒక్కటే చూస్తే అంతా పొదుపుగానే కనిపిస్తుంది, పక్కన వైద్యుల ఫైలు కూడా తెప్పించుకో.

అంకెల దగ్గర కాస్త జాగ్రత్త. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు మూడూ పక్కపక్కన రాసుకో. ఉపన్యాసాల్లో వినిపించేది మొదటిదే. ఏప్రిల్–మార్చి లెక్క అప్పటికే వచ్చేసింది కాబట్టి ఒకే కరువు రెండేళ్ల పద్దుల్లో చీలి ఉంటుంది. పబ్లిక్ వర్క్స్ పద్దు కూడా వదలకు. మద్రాసు ఊళ్లోంచి పోయే బకింగ్‌హాం కాలువ ముక్కను తవ్వింది కరువు కూలీలే. రాని శిస్తును కూడా ఎక్కడైనా కరువు ఖర్చులో కలిపేశారేమో చూసుకో.

ఆ తర్వాత సంగతి మరీ విడ్డూరం. ఇకముందు వచ్చే కరువుల కోసం ఏటా కోటిన్నర రూపాయలు తీసిపెడతామని చెప్పి 1878లో వర్తకుల మీద లైసెన్స్ పన్ను వేశారు. ఏడాది తిరక్కుండానే అఫ్ఘాన్ యుద్ధం ఖర్చు నెత్తిన పడి ఆ కేటాయింపు ఆపేశారు. పన్ను మాత్రం ఆగలేదు. నీ వ్యాసంలో దీనికి కనీసం రెండు పేజీలు ఇవ్వాలి.

పెన్సిల్, భూతద్దం పట్టుకెళ్లు. జొన్నలు తూచాక ఫోటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న